లంగర్ జులూస్: ఒక తల్లి మన్నత్, ఒక రియాసత్ షాన్

ముహర్రం చాంద్ కనిపించిన రెండో రోజే మిర్యాలగూడ నుంచి మా భాంజా వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. పాత నలుపు తెలుపు ఫోటోలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. అంబారీలు కట్టిన ఏనుగులు, ఒంటెలు, బల్లేలు పట్టుకున్న గుర్రపు సవార్లు, వరసలో నిలబడ్డ సిపాయిలు, వెనకాల చార్మినార్. పైన పెద్ద అక్షరాల్లో 'నిజాం షాహీ ఫౌజ్' అని రాసి ఉంది. ఎవరో గుండెలు అదిరే మ్యూజిక్ కూడా కలిపారు. దాని కింద వాడు ఒక్క సవాల్ రాశాడు: "మామూ, మనకు ఇంత ఫౌజ్ ఉండి ఐదు రోజుల్ల ఎట్ల ఓడిపోయినం?"

నేను ఆ 'మనకు' దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మాది త్రిపురారం. మా పర్‌దాదాకు జాగీర్ లేదు, గుర్రం లేదు, కనీసం సొంత ఎడ్లబండి కూడా లేదు. అయినా వాడు 'మనకు' అన్నాడు. పదిహేనేళ్ళ పిల్లవాడికి ఫోన్‌లో సంజాయిషీ ఇవ్వడం కుదిరే పని కాదు. అందుకే రాస్తున్నాను. వాడు పంపిన ఫోటోల్లో చాలావరకు యుద్ధానికి పోతున్న ఫౌజ్ కాదు. అది లంగర్ జులూస్. ప్రతి ఏటా ముహర్రం అయిదో తారీఖున హైదరాబాద్ షహర్‌లో జరిగిన తమాషా.

ఆ తమాషా మొదలైంది ఫౌజ్‌తో కాదు, ఒక తల్లి కన్నీళ్ళతో. కుతుబ్ షాహీల కాలం నాటి కిస్సా అది. హయాత్ బక్షీ బేగం అంటే హైదరాబాద్ కట్టిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా బిడ్డ, సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా బేగం, 1626లో గద్దెనెక్కిన అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. షహజాదా అబ్దుల్లా ఎక్కిన ఏనుగుకు మదం పట్టి, మావటిని లెక్కచేయకుండా అడవిలోకి పారిపోయిందట. రోజులు గడుస్తున్నా కొడుకు జాడ లేదు. బిడ్డకు దారిలో ఎక్కడైనా అందుతాయేమోనని ఆ తల్లి చెట్ల కొమ్మలకు రొట్టెలూ నీళ్ళూ కట్టించిందని చెబుతారు. అప్పుడే మన్నత్ కూడా మొక్కింది: నా కొడుకు సలామత్‌గా ఇల్లు చేరితే, ఏనుగు కాలికి వేసే గొలుసంత బంగారు గొలుసు చేయించి, హుసైనీ అలం దాకా నడిచిపోయి, ఫాతెహా ఇచ్చి, ఫకీర్లకు, గరీబులకు పంచుతానని. ఏనుగు కాలి గొలుసునే లంగర్ అంటారు. కొడుకు తిరిగొచ్చాడు. తల్లి మన్నత్ తీర్చింది. ఆ కిస్సాలో ఎంత తారీఖ్, ఎంత కథ అని తూకం వేయడం నా పని కాదు. షహర్ మాత్రం దాన్ని నమ్మింది, ఏటా యాద్ చేసుకుంది.

దర్గాల్లో దీపం పెట్టే అమ్మలను, పీర్లకు మలీదా తెచ్చే మన ఊరి ముదిరాజు, గొల్ల ఆడబిడ్డలను చూసినవాళ్ళకు ఈ మన్నత్ కొత్తగా అనిపించదు. పీర్ల పండుగ బిద్‌అత్ అని మా మస్జిద్ మౌలానా సాబ్ ప్రతి ఏటా చెబుతారు. ఆ బహస్ ఇవాళ్టిది కాదు, ఇక్కడ దాన్ని తేల్చే తాకత్ నాకు లేదు. నేను రాస్తున్నది తారీఖ్.

1687లో ఔరంగజేబ్ గోల్కొండ తీసుకున్నాక కుతుబ్ షాహీల ముహర్రం వైభవం చల్లారింది. బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకు కూడా బుర్రె రోజులొచ్చాయి. మళ్ళీ దీపాలు వెలిగింది రెండో నిజాం అలీ ఖాన్ కాలంలో. ఆయన 1762 నుంచి 1803 దాకా ఏలాడు. ఆసఫ్ జాహీలు సున్నీలు. అయినా ఆషూర్‌ఖానాలకు మామూళ్ళు ఇచ్చారు, అలంలకు ధట్టీలు పంపారు. అదే దౌర్‌లో, ఆ తర్వాతి దౌర్‌లో లంగర్ రంగు మారుతూ వచ్చింది. ముందు నడిచేది తల్లి మన్నత్ గొలుసు. వెనక నడిచేది మొత్తం రియాసత్ ఫౌజ్. పోను పోను జనం గొలుసును మరిచిపోయి ఫౌజ్‌నే చూడసాగారు.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ రోజుల్లో ఆ జులూస్ ఎట్లా ఉండేదో ఊహించుకోండి. పొద్దున మొదలైతే గంటలకు గంటలు సాగేది. నిజాం సర్కారు బాకాయిదా ఫౌజ్ ముందు, అంటే యూనిఫాం వేసుకుని, ఇంగ్లీషు డ్రిల్ నేర్చుకుని, ఇత్తడి బ్యాండు వాయిద్యాల తాళానికి అడుగు కలిపి నడిచే పల్టన్లు. వాళ్ళ వెనక తోపులు. ఆ తర్వాత అసలు తమాషా: నజ్మె జమియత్ కింద ఉండే బేకాయిదా ఫౌజ్. యూనిఫాం లేదు, అడుగు కలపడం లేదు, ఎవరి లిబాస్ వారిది, ఎవరి హథియార్ వారిది. హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నడుముకు జంబియా పెట్టుకుని, పొడవాటి తోడేదార్ బందూకులు గాల్లోకి ఎగరేసి పట్టుకుంటూ, గెంతుతూ, మర్ఫా దెబ్బకు పాడుతూ పోయేవాళ్ళు. రోహిల్లాలు, పఠాన్లు, రాజ్‌పుత్‌లు. నీలి పగిడీల సిక్కులు. మహారాజా రంజీత్ సింగ్ 1832లో మహారాజా చందూలాల్ అడిగితే పంపిన సిక్కు ఫౌజ్ అది అని వాళ్ళ బిరాదరీ చెప్పుకుంటుంది. కిషన్‌బాగ్ వైపు బరంబలా గురుద్వారా దగ్గర ఇవాళ్టికీ తెలుగూ దక్కనీ కలిపి మాట్లాడే సిక్కు కుటుంబాలు ఉన్నాయి. కావాలంటే పోయి పలకరించండి.

హబ్షీ సవార్లు వేరు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న పేరు నలిగి నలిగి ఏసీ గార్డ్స్ అయింది. మాసబ్ ట్యాంక్ దగ్గర ఆటో దిగేవాళ్ళలో ఎంతమందికి ఆ ఏసీ అంటే ఏమిటో తెలుసు? ఆ సవార్లు మొదట వనపర్తి రాజా రామేశ్వరరావు దగ్గర ఉండి, ఆయన పోయాక నిజాం కొలువుకు వచ్చారంటారు. ఒక తెలుగు సంస్థానం రెడ్డి రాజా దగ్గర ఆఫ్రికా సవార్లు! అట్లాగే బార్కస్. అది అరబ్బీ మాట అని చాలామంది అనుకుంటారు. కాదు, ఇంగ్లీషు 'బ్యారక్స్' మన నాలుకల మీద అట్లా తిరిగింది. షహర్ మొహల్లాల పేర్లలోనే ఆ ఫౌజ్ సగం దాక్కుని ఉంది.

వీటన్నిటి వెనక ఉమరా. పాయిగా నవాబులు, అంటే ఆస్మాన్ జా, ఖుర్షీద్ జా, వికారుల్ ఉమరా ఖాందాన్లు, ఒక్కొక్కరు తమ సొంత సిపాయిలతో, ఏనుగులతో, బ్యాండ్లతో వచ్చేవారు. పాయిగా జాగీర్లు ఇచ్చిందే పాలకుడి కోసం ఫౌజ్‌ను పోషించమని. కాబట్టి నా లెక్కలో లంగర్ ఒక రకమైన హాజరీ పుస్తకం. నీ దగ్గర ఎంతమంది ఉన్నారో ఈ సాలు ఒక్కరోజు బజార్లో నడిపించి చూపించు! ఎవరి ఏనుగు ముందు, ఎవరిది వెనక అన్నది ఇజ్జత్ సవాల్. రెసిడెన్సీ దొరలు, వాళ్ళ మేమ్‌సాబ్‌లు దావత్ తీసుకుని డాబాల మీద కూర్చుని చూసేవాళ్ళు. చూసి వెళ్ళి పుస్తకాల్లో రాసుకునేవాళ్ళు. లాలా దీన్ దయాళ్ కెమెరా పట్టుకున్నది కూడా ఆ రోజులనే. ఆయన మహబూబ్ అలీ ఖాన్ దర్బారీ ఫోటోగ్రాఫర్.

ఇప్పుడు మా భాంజా సవాల్‌కు వస్తాను. ఇంత ఫౌజ్ చూసి దొరలకు భయం ఎందుకు వేయలేదు? ఎందుకంటే దాని పళ్ళు వాళ్ళు ఎప్పుడో పీకేశారు.

ఒకప్పుడు పళ్ళు ఉండేవి. ఫ్రెంచి జనరల్ రేమండ్ నిజాం అలీ ఖాన్ కోసం వేలమంది సిపాయిలను తయారు చేశాడు. ఆయన్నే మన జనం మూసా రహీం, మూసా రాం అని రెండు రకాలుగా మనవాణ్ణి చేసుకున్నారు. మూసారాంబాగ్ పేరు ఆయనదే. 1798 మార్చిలో ఆయన చనిపోయాడు. అదే ఏడు సెప్టెంబర్ 1న నిజాం ఇంగ్లీషు కంపెనీతో ముఆహిదా చేసుకున్నాడు, అక్టోబర్‌లో ఆ ఫ్రెంచి ఫౌజ్ చేతుల్లోంచి బందూకులు గుంజేశారు. ఆ నిజాం దగ్గరే జఫర్ పల్టన్ అని ఆడవాళ్ళ పల్టన్ ఉండేది. జనానా మహల్ పహరా వాళ్ళదే. 1795లో మరాఠాలతో ఖర్దా జంగ్‌లో కూడా ఉన్నారు. మన పిల్లలకు చూపించాల్సిన ఫోటో అదే, కానీ అప్పటికి ఫోటోలు లేవు.

ఆ తర్వాత అసలు ఫౌజ్ దొరలది అయింది. సికింద్రాబాద్ ఛావనీ వాళ్ళది. హైదరాబాద్ కంటింజెంట్ పేరు మాత్రమే మనది, తన్‌ఖా మన ఖజానాది, అఫ్సర్లు వాళ్ళు. ఆ తన్‌ఖా బాకీల కిందే 1853లో బేరార్ పోయింది. నిజాం చేతిలో మిగిలింది పహరాకు, పన్ను వసూలుకు, జులూస్‌కు పనికొచ్చే ఫౌజ్. అరబ్ జమాదార్లయితే సర్కారుకే అప్పులిచ్చి, బదులుగా తాలూకాల వసూళ్ళు చేతిలో పెట్టుకున్నారు. వాళ్ళను దారికి తేవడానికి సాలార్ జంగ్‌కు ఏళ్ళు పట్టింది.

ఒక్కసారి మాత్రం ఆ బేకాయిదా బందూకు నిజంగా పేలింది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రోహిల్లాలను, జనాన్ని వెంటబెట్టుకుని రెసిడెన్సీ మీద పడ్డారు. వాళ్ళకు రియాసత్ ఫౌజ్ తోడు రాలేదు, పైగా దర్బార్ దొరల వైపే నిలబడింది. తుర్రేబాజ్ ఖాన్‌ను చంపి శవాన్ని అందరూ చూసేట్టు వేలాడదీశారు. మౌల్వీ సాబ్‌ను అండమాన్ పంపారు, అక్కడే ఇంతెఖాల్ అయ్యారు. ఇది చదివాక నాకు లంగర్ ఫోటోల మీద మోజు కొంత తగ్గిందని ఒప్పుకుంటాను. ఎవరి మీదా ఎత్తకూడదని ముందే తీర్మానమైన హథియార్లు ఎంత తళతళలాడితే ఏమిటి?

దొరల పరేడ్ ఇంకో రకం. 1877 జనవరి 1న విక్టోరియాను కైసర్‌ఎహింద్ అని ఎలాన్ చేసినప్పటి నుంచి, ఛావనీల్లో ఏటా ఆ తారీఖున ప్రొక్లమేషన్ పరేడ్ జరిపే రివాజు వచ్చింది. అందులో కిస్సా లేదు, మన్నత్ లేదు, ఫకీరు లేడు. గీత గీసినట్టు నడక, జెండాకు సలాం. మూసీకి ఇటు లంగర్, అటు పరేడ్. చూసే జనానికి లంగర్‌లోనే మజా ఎక్కువ ఉండి ఉంటుంది. హుకూమత్ మాత్రం అటు ఉంది.

ఏడో నిజాం కాలంలో లంగర్ జులూస్ ఆగిపోయింది. ముహర్రం పదో రోజు ఏనుగు మీద బీబీకా అలం మాత్రం ఇవాళ్టికీ దబీర్‌పురా నుంచి బయల్దేరుతుంది. ఉస్మాన్ అలీ ఖాన్ ఫౌజ్‌ను కొత్త పద్ధతిలో చూపించుకున్నాడు. మొదటి జంగె అజీంలో హైదరాబాద్ లాన్సర్లు మిస్ర్, ఫలస్తీన్ దాకా పోయారు. 1918 సెప్టెంబర్ 23న హైఫా మీద దూకింది జోధ్‌పూర్, మైసూర్ సవార్లు. మనవాళ్ళు అదే బ్రిగేడ్‌లో వేరే పని మీద ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తిలో ఉన్న మూడు కంచు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ సవారుది. ఢిల్లీ పోయినప్పుడు పిల్లలకు చూపించండి. అయితే ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ సవారు అక్కడ నిలబడింది దొరల కోసం, ఖలీఫా సల్తనత్ మీద లడాయి చేసినందుకు. మన ఘర్వ్‌లో అది కూడా కలిసి ఉంది.

1947, 48లో బజార్లలో ఇంకో కవాతు మొదలైంది. ఖాసిం రజ్వీ రజాకార్లది. ఖాకీ వేసుకుని, కొందరి చేతుల్లో బందూకు, కొందరి చేతుల్లో లాఠీ పట్టుకుని ఊళ్ళల్లో లెఫ్ట్ రైట్ తిరిగారు. లంగర్ చూసిన ముసలివాళ్ళకు అది కూడా తమాషాగానే అనిపించిందేమో తెలియదు. కానీ ఇది తమాషా కాదు. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో జరిగిన ఖత్లేఆమ్ మన తారీఖ్‌లోదే, దాన్ని దాచి బొంకితే మన మాట ఇంకెవరూ నమ్మరు. అదే ఆగస్టులో 'ఇమ్రోజ్' ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను షహర్ నడిబజార్లో చంపారు. ఆయన ముసల్మానే, ఉర్దూ సహాఫీయే. రియాసత్ హింద్‌లో కలవాలని రాసినందుకు చంపారు. నేను ఈ పేషాలోకి వచ్చిన రోజుల్లో మా డెస్క్‌లో ఆయన పేరు విన్నవాళ్ళు ఇద్దరే.

సెప్టెంబర్ 13 పొద్దున ఫౌజ్ వచ్చింది. ఈసారి మన దారి మీదుగా. బెజవాడ వైపు నుంచి వచ్చిన దస్తాలకు హైదరాబాద్ లాన్సర్ల ఆర్మర్డ్ కార్లు అడ్డు నిలబడ్డాయి. గుర్రాల లాన్సర్లు అప్పటికి ఇనుప బండ్ల లాన్సర్లు అయ్యారు. ఎదురు గట్టిగానే ఉన్నా, పొద్దున ఎనిమిదిన్నరకల్లా కోదాడ పోయింది. మధ్యాహ్నానికి మునగాల. తమాషా చూడండి, మునగాల అప్పటికి నిజాం ఇలాకానే కాదు, నిజాం నేల మధ్యలో చిక్కుకున్న మద్రాసు కృష్ణా జిల్లా ముక్క. మర్నాడు సూర్యాపేట. ముందు హవాయి జహాజులు బాంబులు వేశాయి, తర్వాత గోర్ఖాలు ఊళ్ళోకి వచ్చారు. వెనక్కి పోతున్న నిజాం ఫౌజ్ మూసీ వంతెన పేల్చింది. కానీ అవతలి గట్టున కాపలాకు ఒక్క తోపు పెట్టలేదు. వంతెన చకచకా బాగైపోయింది. నార్కట్‌పల్లి దగ్గర రజాకార్ల దస్తా ఒకటి తుడిచిపెట్టుకుపోయింది. అంతే. 17 సాయంత్రం జంగ్ బంద్. 18న జనరల్ అల్ ఇద్రూస్, జనరల్ చౌదరి ముందు హథియార్లు పెట్టేశాడు. తరానా లేదు, బ్యాండు లేదు.

రియాసత్ ఫౌజ్ ఇరవై వేల పైచిలుకు ఉండేదని, పూర్తి ట్రైనింగ్, సామాను ఉన్నది ఆరు వేలమందికే అని తారీఖ్ రాసినవాళ్ళు సాధారణంగా చెప్పే లెక్క. వంతెన పేల్చి కాపలా మరిచిన ఫౌజ్ అది. చూపించడానికి నూట యాభై ఏళ్ళు బతికిన ఫౌజ్‌కు లడాయి అలవాటు ఎక్కడిది? భాంజా, నీ సవాల్‌కు ఇదే జవాబు.

కానీ ఓడిపోయింది ఫౌజ్ అయితే, సజా పడింది ఎవరికి? పండిట్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ ఉన్న కమిటీ 1948 నవంబర్, డిసెంబర్‌లలో రియాసత్ తిరిగి, తక్కువలో తక్కువ లెక్క వేసినా 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువ. ఆ రిపోర్టును దశాబ్దాలు బయట పెట్టలేదు. చచ్చినవాళ్ళల్లో ఎంతమంది లంగర్‌లో నడిచి ఉంటారు? నడిచింది ఉమరా. మరణించింది దర్జీలు, బీడీల వాళ్ళు, చిన్న రైతులు. బేకాయిదా ఫౌజ్ రద్దయింది. అరబ్బులను, పఠాన్లను ఎంతోమందిని పట్టి కాంపుల్లో పెట్టారు, కొందరిని సముద్రం దాటించి పంపేశారు. మిగిలినవాళ్ళు రిక్షా తొక్కారు, పండ్లు అమ్మారు.

వాయిద్యాలు మాత్రం బతికాయి. షాదీల్లో మోగే మర్ఫా ఆ అరబ్, హబ్షీ సిపాయిల గొంతే. ఇవాళ గణేష్ జులూస్‌లో, ఎలక్షన్ ర్యాలీల్లో కూడా మోగుతోంది. ఇక మన బ్యాండు మేళం వాళ్ళ కోట్లు చూడండి. భుజాల మీద జరీ కుచ్చులు, ఇత్తడి గుండీలు, తలమీద టోపీకి ఈక. ఏ ఫౌజ్‌లోనూ ఇప్పుడు అలాంటి వర్దీ లేదు. మిర్యాలగూడలో మా చెల్లి బారాత్‌కు వచ్చిన క్లారినెట్ మాస్టర్ కోటు చంకలో చిరిగి ఉంది, పిన్నీసు పెట్టుకున్నాడు. మహబూబ్ అలీ పాషా పల్టన్ ఆఖరి సిపాయి అతనే అని నేను ఆ రోజు నవ్వాను. ఆయన మాదిగ బిడ్డ, పేరు అడిగితే నవ్వి సన్నాయి పాట ఎత్తుకున్నాడు.

2022 నుంచి సెప్టెంబర్ 17న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లో కేంద్రం విమోచన దినం అని పారామిలటరీ కవాతు జరుపుతోంది. ఆ మొదటి ఏడు హోంమంత్రి అమిత్ షా వచ్చి సలాం తీసుకున్నారు. అదే ఏడు రాష్ట్ర సర్కారు అదే రోజును సమైక్యతా దినం అంది. తర్వాత సర్కారు మారి ప్రజా పాలన దినం అయింది. మజ్లిస్ వాళ్ళు ఇంకో పేరుతో తిరంగా ర్యాలీ తీస్తారు. ఒక తారీఖుకు ఇన్ని పేర్లు. మా పిల్లల స్కూల్లో ఆ రోజు జెండా ఎగరేసినప్పుడు మా భాంజా తల ఎట్లా పెట్టుకోవాలో తెలియక నిలబడతాడని వాళ్ళమ్మ చెప్పింది. ఆ వీడియో వాడికి ఎందుకు అంత ముద్దొచ్చిందో అప్పుడు అర్థమైంది. స్కూల్లో వాడిని రజాకార్ అన్నవాడొకడు ఉన్నాడు. ఏనుగులు, తోపులు ఉన్న ఫోటో చూస్తే, నేనూ ఒకప్పుడు ఒకణ్ణి అని అనిపిస్తుంది.

నేను వాడికి దీన్ దయాళ్ ఫోటో ఒకటి తిరిగి పంపాను. అందులో ఏనుగును కాదు, కింద మూలకు చూడమన్నాను. రోడ్డు పక్కన గోడకు ఆనుకుని జనం నిలబడి ఉంటారు. చెప్పులు లేవు, కొందరికి తలపాగా, కొందరికి అదీ లేదు. ఎవరు హిందువో ఎవరు ముసల్మానో తేల్చడం కష్టం. బేటా, మనం ఉన్నది అక్కడ, అని రాశాను.

చాలాసేపటికి జవాబు వచ్చింది. "నానీ కూడా అట్లనే నిలబడి చూసిందంట కదా మామూ, కోదాడల?"

అవును. నానీకి అప్పుడు తొమ్మిదో, పదో. మిల్ట్రీ బండ్లు పోతుంటే తలుపు సందులోంచి చూసింది. ఆమెను ఎన్నిసార్లు అడిగినా బందూకుల సంగతి చెప్పేది కాదు. దుమ్ము సంగతే చెప్పేది. ఆ పూట ఎసట్లో పోసిన బియ్యం మీద కూడా దుమ్మే పడిందని, వాళ్ళమ్మ ఏడ్చుకుంటూ ఆ బియ్యాన్ని మూడుసార్లు కడిగిందని.